గంటలు ఎవల మీద రాయాలె

నా కొలువు ఏందో మా అమ్మకు చివరిదాక సమజ్ కాలే. కోరుట్లల మా వాడకట్టోళ్లు అడిగితే "మా బిడ్డ జగిత్యాలల టికెట్లు కొడ్తది" అని చెప్పేది. వాళ్లు నన్ను కండక్టర్ అనుకునేటోళ్లు. "మరి ఏ బస్సుల కనవడవేందే పిల్లా?" అని పక్కింటి పెద్దమ్మ ఒకనాడు అడగనే అడిగింది. నాకు కోపం ముక్కు మీదుంటది, గిది అందరికి ఎరుకే. "నేను కొట్టే టికెట్ల మీద ఎవ్వలు ఏడికి పోరు పెద్దమ్మా, ఉన్నకాన్నే ఉంటరు" అంటి. బీడీలు చుట్టుకుంట మా అమ్మ పకపక నవ్వింది. ఊకెనే నోట్లెకెల్లి జారిన మాట అది. తర్వాత యాదికి అచ్చినప్పుడల్లా నాకు నవ్వు రాకపోయేది.

నేను చేసిన పని గిది. హైద్రాబాద్ కంపిని ఒకటి మండలాఫీసులల్ల, బ్యాంకులల్ల, కాలేజీలల్ల కంప్యూటర్లు, ప్రింటర్లు బాగు చేసే కాంట్రాక్టు పట్టింది. జగిత్యాల టవర్ కాడ స్వీట్ల దుకాణం మీద ఒక్క అర్ర, గదే మా ఆఫీసు. కింద జిలేబి వాసన, మీద నేను. ఏ ఊరి ఆఫీసుల ప్రింటర్ మొండికేసినా నాకు ఫోన్ అచ్చేది. నేను కంప్యూటర్ల ఫిర్యాదు ఎక్కిచ్చి ఒక నంబర్ ఇచ్చేదాన్ని. గా నంబరే టికెట్. టికెట్ తెరిచిన కాన్నుంచి గడియారం నడుస్తనే ఉంటది. బాగు చేసే మనిషి ఎప్పుడు వోయిండు, ఎంతసేపు పని చేసిండు, ఎంతసేపు ఉత్తగ కూసున్నడు, అంత నేనే రాయాలె. మందికి పొద్దు పొడుస్తది, పొద్దు గూకుతది. మావోళ్ల పొద్దును మాత్రం నేను ముక్కలు ముక్కలు కోసి డబ్బాలల్ల పెట్టేదాన్ని.

గప్పుడు ఫోన్ల పైసలు జాగ్రత్తగ వాడుకునేటోళ్లం. అందుకని మాకు మేమే ఒక కట్టడి పెట్టుకున్నం. పని కాడికి చేరితే ఒక్క రింగు కొట్టి కట్ చెయ్యాలె. పని అయిపోతె రెండు రింగులు. నేను ఎత్తద్దు, గడియారం చూసి రాసుకోవాలె, గంతే. హైద్రాబాదోళ్లకు గీ సంగతి తెల్వనే తెల్వది. వాళ్ల లెక్కల మేము గంటగంటకు మాట్లాడుకునే మనుషులం. ఒక్క రింగు అస్తే చాలు, ఎండల వానల తిరిగే మనిషి క్షేమంగ చేరిండని నా పాణం నిమ్మలమయ్యేది.

తిరిగేటోళ్లు ముగ్గురు. జగిత్యాల దిక్కు ఒకలు, కోరుట్ల దిక్కు ఒకలు, సిరిసిల్ల దిక్కు ఒకలు. నేను చెప్పేది గా సిరిసిల్ల అన్న ముచ్చటే. తోడబుట్టినోడేం గాదు, నాకంటే పదేండ్లు పెద్ద, నన్ను చెల్లె అనేటోడు, నేను అన్నా అనేదాన్ని. నేతోళ్ల ఇంట్ల పుట్టిండు. సిరిసిల్లల మరమగ్గాలను సాంచలంటరు. పదో తరగతి కాంగనే ఆయన సాంచల మీద పనికి కుదిరిండు. దూది పొడి మింగి మింగి ఛాతి పట్టుకపోయింది. "ఇగ సాంచ కాడికి పోయినవంటే నీ ఊపిరి నీ చేతుల ఉండది" అని కరీంనగర్ల డాక్టర్ చెప్పిండట. ముప్పై దాటినంక, తనకంటే సగం వయసు పోరగాండ్ల నడుమ బెంచి మీద కూసుండి కంప్యూటర్లు బాగుచేసుడు నేర్చుకున్నడు. మా కంపిని ఆయనను ఏడాదికోసారి కొత్త కాయిదం మీద తీసుకునేది. పనితీరు చూసి మల్ల ఏడాదికి కొనసాగిచ్చుడు.

మొదట్ల ఆయన ఫోన్ చేస్తే ముందుగాల దగ్గు అచ్చేది, ఎన్కసీరి మాట అచ్చేది. "అన్నా, నీ దగ్గు సుత టికెట్ల ఎక్కియ్యాల్నా?" అని ఎక్కిరిచ్చేదాన్ని. "ఎక్కియ్యి చెల్లె, అన్నిటికంటే ఎక్కువ పని గదే చేస్తున్న" అనేటోడు. ఏడాది గడిచెవరకు దగ్గు తగ్గింది. రెండో ఏడు ఇగ వినవడనే లేదు. నేను గమనించి అడిగితే "కంప్యూటర్ రూములల్ల ఏసీ గాలి పీలుస్తున్న గదా, నేను సుత ఆఫీసర్ నైన" అని నవ్విండు. ఒకసారి వదినె ఫోన్ ఎత్తి "మీ అన్న రాత్రి మంచిగ పండుకుంటుండు, కూసుండి తెల్లారవెట్టే రోజులు పోయినయి" అని చెప్పింది. ఆమె గొంతుల సంతోషం విని నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. మాకు అది జీతం. ఆయనకు మాత్రం అది ఊపిరి. గీ సంగతి తెలిసినంక ఆయన టికెట్లు నేను ఇంకింత పైలంగ చూసేదాన్ని.

ఇగ గంటల ముచ్చట. పని చేసిన గంటలు రాసుడు అల్కగనే ఉండేది. చిక్కంత ఉత్త గంటల కాడనే. మనిషి వోయిండు, పని కాలేదు, ఊకె కూసున్నడు. గా గంటలను ఎవల మీదనన్న రాయాలె. మూడే ఖానాలు ఉండేటియి. ఒకటి, కంపిని సామాను పంపలేదని కంపిని మీద. రెండు, ఆఫీసుల మనిషి లేడని ఆఫీసోళ్ల మీద. మూడు, మనోడే పని చెయ్యలేదని మనోని మీద. మూడిట్ల ఏదో ఒకటి ఒత్తకుంటే టికెట్ మూతపడది, ఎర్రగ మెరుస్తనే ఉంటది. కంపిని మీద రాస్తే కంపిని ఒప్పుకోదు, సామాను లెక్క వాళ్ల కాడ సుత ఉంటది. ఆఫీసోళ్ల మీద రాయాల్నంటే ఆ పొద్దు సీట్ల లేని మనిషి పేరు రాయాలె. నెల కాంగనే గా పేరు తోటి ఉత్తరం వాళ్ల పైఅధికారులకు పోతది. మనోని మీద రాస్తే ఎవ్వలు అడగరు, అది ఆయన లెక్కల కూసుంటది.

మామూలు రోజులల్ల గీ తిప్పలు ఎప్పుడో ఒకనాడు అచ్చేది. ఉద్యమం అచ్చింది, రోజు అదే అయింది.

నేను సుత ఉద్యమంల తక్కువ దాన్నేం గాదు. కోరుట్లల రోడ్డు మీద వంటావార్పు పెడితే ఉల్లిగడ్డలు కోసిన, పప్పు కలెవెట్టిన, నినాదాలు ఇచ్చి ఇచ్చి రెండు రోజులు గొంతు లేకుండ ఉన్న. మా అమ్మ సుత బీడీల చాట ఇంట్ల పెట్టి అచ్చి రోడ్డు మీద బైఠాయించింది. తెలంగాణ అస్తే ఏమైతదే అని అడిగితే "మన కొలువులు మనకు అస్తయి, ఇంకేంది" అన్నది. మేమందరం గదే అనుకున్నం. నమ్మినం. నమ్మకుంటే ఎట్ల బతుకుతం?

సమ్మె మొదలైంది. బస్సులు బంద్. బడులు బంద్. సర్కారు ఆఫీసులకు తాళాలు. ఆఫీసుల పనిచేసేటోళ్లంత గేటు ముంగట టెంట్లు ఏసుకోని కూసున్నరు. నేను కోరుట్ల నుంచి మక్కల ట్రాక్టర్ ఎక్కి జగిత్యాలకు పోయిన రోజులు సుత ఉన్నయి. టవర్ కాడికి చేరేసరికి నెత్తి నిండ దుమ్ము. స్వీట్ల దుకాణం సుత సగం షట్టర్ దించుకునే ఉండేది. నా గంటలు ఎవ్వలు రాసుకోలేదు, అది వేరే ముచ్చట.

ఊరు ఊరంత ఆగింది గని మా టికెట్లు ఆగలే. నెలకోసారి ప్రతి ఆఫీసుకు వోయి మిషన్లు తుడిచి చూసి రావాలె, గది కాంట్రాక్టు. గా టికెట్లు హైద్రాబాద్ నుంచి వాటంతట అవే పుట్టేటియి. పొద్దుగాల కంప్యూటర్ తెరిస్తే కోనరావుపేట, ముస్తాబాద్, ఇంకా గసొంటి పది ఊర్ల పేర్లు పచ్చగ కనవడేటియి. మాపటికి ఎర్రగయ్యేటియి.

ఒకనాడు సిరిసిల్ల అన్న కోనరావుపేటకు వోయిండు. ఒక్క రింగు అచ్చింది. చేరిండని రాసిన. ఎంతసేపైనా రెండు రింగులు లేవు. నేనే ఫోన్ చేసిన. అవతల డప్పుల చప్పుడు, జై తెలంగాణ అని కేకలు.

"తాళం ఉన్నది చెల్లె," అన్నడు ఆయన. "టెంట్ల కూసున్న. సార్లు అన్నం పెడుతున్నరు. నువ్వు తిన్నవా?"

"నా తిండి తర్వాత అన్నా. నీ గంటలు ఎవల మీద రాయాలె, అది చెప్పు."

"తాళమున్నది గదా, ఆఫీసు మీద రాయి."

"ఆఫీసు మీద రాయాల్నంటే మనిషి పేరు కావాలె. గా పేరు తోటి పైకి ఉత్తరం పోతది. ఎవల పేరు రాయమంటవు?"

ఆయన పక్కకు మొఖం తిప్పి ఎవలకో గీ సంగతి చెప్తున్నట్టు వినవడ్డది. కొంచెంసేపటికి ఇంకో గొంతు అచ్చింది. ఆ ఆఫీసుల పెద్ద గుమాస్తా సారు. ఆ టెంట్ల ముందటుండి నడిపించేది ఆయనే.

"బిడ్డా, మా పేర్లు రాయకు తల్లీ," అన్నడు. "ఎవలెవలు కూసున్నరని పైనుంచి పేర్లు అడుగుతున్నరు. ఎవ్వలు ఇస్తలేరు. నీ ఉత్తరం పోతే మేమే రాసిచ్చినట్టయితది. మీ అన్న నా పక్కనే ఉన్నడు. గీ మనిషిని మేము ఇడిచిపెట్టం. తెలంగాణ రానియ్యి, ఆయన కొలువు మా పూచీ."

పక్కనున్నోళ్లు చప్పట్లు కొట్టిండ్రు. నాకు ఒళ్లు జలదరిచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలె. ఫోన్ మల్ల అన్న చేతికి అచ్చింది.

"నా మీదనే రాయి చెల్లె," అన్నడు.

"పిచ్చి లేసిందా అన్నా నీకు? నెల నెల నీ లెక్కల పడ్తది. కాయిదం మల్ల రాసేటప్పుడు ముందు చూసేది గదే."

"వాళ్లు మన కోసం జీతాలు ఇడిసి రోడ్డు మీద కూసున్నరు. నేను నాలుగు గంటలు ఇడువలేనా? వాళ్ల అన్నం తినుకుంట వాళ్ల మీద రాస్తమా? అట్ల రాసినోడు మనిషేనా? నా మీద రాయి."

నేను కొట్లాడిన. నోటికి అచ్చినట్టు తిట్టిన. ఆయన నవ్వుకుంట "జై తెలంగాణ చెల్లె" అని పెట్టేసిండు. ఆయన మీద రాసిన. ఆ తర్వాత ప్రతి ఊరి కాడ గట్లనే. ముస్తాబాద్ల టెంట్, ఒక్క రింగు, నా మీద రాయి. ఇంకో ఊర్లె టెంట్, ఒక్క రింగు, నా మీద రాయి. మిగిలిన ఇద్దరు హుషారున్నోళ్లు. ఇంట్లకెల్లి కదలకుండనే ఆఫీసుల సారు లేడని ఎవలో ఒకల పేరు చెప్పి గంటలు దులుపుకునేటోళ్లు. నిజంగ ఊర్లకు వోయేటోడు సిరిసిల్ల అన్న ఒక్కడే, ఆయన నెత్తి మీదనే రాళ్లు పడుతున్నయి.

నాకు నిద్ర పట్టకపోయేది. నాలుగో ఖానా కావాలని హైద్రాబాదుకు రాసిన. 'బంద్' అని ఒక్క ఖానా పెట్టుండ్రి, మా తావుల గంటలన్ని బందులకే పోతున్నయి అని నాకు అచ్చిన ఇంగ్లీషుల రాసిన. జవాబు రాలే. ఫోన్ చేసిన. అవతల కూసున్నాయన మస్తు మర్యాదగ మాట్లాడిండు. "మేడం, సాఫ్ట్‌వేర్ దేశమంతటికీ ఒక్కటే. మీ రాజకీయాలు ఇందులోకి తీసుకురాకండి. ఉన్నవాటిలో దగ్గరగా ఉన్నది ఎంచుకోండి," అన్నడు.

"దగ్గర ఉన్నదా? ఊరికి తాళమేస్తే మా మనిషి ఆలస్యం చేసిండని రాయాల్నా? నువ్వొక్కసారి కోనరావుపేటకు రా, ఏది దగ్గరుందో నేను చూపెడ్త," అంటి.

పెట్టేసిండు. మా ఇన్‌చార్జి సారు పక్క కుర్చీల కూసుండి నెత్తి పట్టుకున్నడు. మంచోడే గని నోట్లె నాలుక లేని మనిషి. "వాళ్లతోటి ఎందుకమ్మా పంచాది, నీ కొలువు సుత పోతది" అన్నడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు పాణసంకటం. మాకు గడియారం నడుస్తనే ఉన్నది.

నెల దాటినంక సమ్మె ఆగింది. తాళాలు తెరిచిండ్రు. బస్సులు నడిచినయి. కొన్ని రోజులకు హైద్రాబాద్ నుంచి ముగ్గురి లెక్క అచ్చింది. రంగురంగుల గీతలు. జగిత్యాలాయనది పచ్చగీత, కోరుట్లాయనది పచ్చగీత. సిరిసిల్ల అన్నది ఇంతెత్తు ఎర్రగీత. పనికాలంల సగానికంటే ఎక్కువ సొంతంగ పొద్దు పోగొట్టిండని కింద రాసి ఉన్నది. ఏడాది కాయిదం మల్ల రాసే నెల గూడ గదే.

నేను ఇన్‌చార్జి సారు ముంగట నిలవడ్డ. "గా గంటలు ఎక్కిచ్చింది నేను. ఆయన ఏడ ఉన్నడో నాకు ఎరుక, మీకు ఎరుక. చెప్పుండ్రి వాళ్లకు."

"చెప్పిన తల్లీ. సిస్టంల ఉన్నదే నిజమంటున్నరు. ఆ రోజులల్ల ఆఫీసులకు తాళాలు ఉండెనని ఆఫీసోళ్లు ఒక కాయిదం ఇస్తే చూస్తమన్నరు."

నా పాణం లేచచ్చింది. ఒక్క కాయిదమే గదా! గుమాస్తా సారు పూచీ పడ్డడు గదా! అన్నకు ఫోన్ చేసి ఎమ్మటే కోనరావుపేటకు పొమ్మంటి. ఆయన పోయిండు. ఒక్క రింగు కొట్టిండు, అలవాటు కొద్ది. నేను ఫోన్ ముంగట పెట్టుకోని కూసున్న. కింద జిలేబి పోస్తున్న చప్పుడు. పొద్దు గూకే యాళ్లకు ఆయనే ఫోన్ చేసిండు.

"ఇయ్యలే చెల్లె."

"ఇయ్యకపోవుడేంది?"

"తాళమున్నదని సంతకం పెడితే తాళమేసింది తానేనని ఒప్పుకున్నట్టయితదట. సమ్మె గొడవ ఇంకా చల్లారలే, తన కొలువు మీదికి అస్తదట. రాష్ట్రం రానియ్యి, గప్పుడు నా చేతుల పని అన్నడు. చాయ్ తాపిండు."

"చాయ్ తాపిండా? ఆ చాయ్ ఆయన మొఖాన కొట్టి రాకపోయినవా?"

"ఆయన తప్పేమున్నదే. పిల్లలు గలోడు."

"నువ్వు పిల్లలు లేనోడివా?" అని ఒర్రిన. నా ఒర్రుడుకు కింద దుకాణపాయన మెట్ల దాక అచ్చి చూసి పోయిండు. ఆ ఫోన్ల చానా రోజులకు మల్ల అన్న దగ్గు వినవడ్డది. అప్పటికింకా కంపిని మనిషే. రంది తోటి అచ్చిన దగ్గు గావచ్చు.

కంపిని ఆయన కాయిదం మల్ల రాయలే. జగిత్యాలకు అచ్చి బ్యాగు, స్క్రూడ్రైవర్ల సెట్టు అప్పజెప్పిండు. నేను జిలేబి తెప్పిచ్చిన, ఇద్దరం తినలేకపోయినం. "ఎక్కడన్న చూసుకో అన్నా, సాంచ కాడికి మాత్రం పోకు" అంటి. "పోను చెల్లె" అని నెత్తి మీద చెయ్యి పెట్టి పోయిండు. రెండు మూడు దుకాణాలల్ల చేసిండు. బందుల దెబ్బకు దుకాణాలే నడుస్తలేవు, ఇంకో మనిషిని ఎట్ల పెట్టుకుంటరు? ఒకనాడు నేను ఫోన్ చేస్తే అవతల డప్పులు గావు, దడదడమని ఆగకుండ ఒకటే మోత. నేను అడుగలే. ఆయన చెప్పలే. ఇద్దరం గట్టిగట్టిగ మాట్లాడి పెట్టేసినం.

సమ్మె చేసిన సార్లకు ఆ రోజులు ఏదో సెలవు కింద కలిసినయని తర్వాత తెలిసింది. మంచిగనే అయింది, వాళ్లు కష్టపడ్డరు, నేను కాదన. గని సిరిసిల్ల అన్న గంటలు ఏ సెలవు కింద కలవలే.

తెలంగాణ అచ్చింది. ఆ పొద్దు కోరుట్లల ఎగిరి దుంకిన, రంగు పూసుకున్న, మా అమ్మ నోట్లె చక్కెర పోసిన. సంతోషం అబద్ధం గాదు. గా సంతోషంల నేను మొదలు అనుకున్న మాట ఒక్కటే, ఇగ అన్నను సాంచ మీదికెల్లి దించాలె. మా కంపిని అప్పటికే జగిత్యాల అర్ర ఎత్తేసింది. నేను కోరుట్లల ఒక బడిల ఫీజులు రాసే పనికి కుదిరిన. గుమాస్తా సారు ఎక్కడున్నడో కనుక్కున్న. పెద్ద సీటు అయింది, సిరిసిల్లల ఒక ఆఫీసుకు అచ్చిండని తెలిసింది. అన్నకు ఫోన్ చేసిన. "ఎందుకే చెల్లె, ఆయనకు యాదుంటదా?" అన్నడు. "యాదికి లేకపోతే నేను యాదిజేస్త" అని బస్సెక్కిన.

సిరిసిల్ల బస్టాండుల అన్న నిలవడ్డడు. నేను పోల్చుకోలేకపోయిన. అంగీ లోపల మనిషి సగమైండు. నడుమ నడుమ నిలవడి ఊపిరి తీసుకుంటుండు. కనుబొమ్మల మీద సన్నగ తెల్లటి దూది. "పొద్దటి షిఫ్టు మార్చుకోని అచ్చిన, మాపటికి ఎక్కాలె" అన్నడు. దారిల ఆయనే నవ్వించేటందుకు చూసిండు. "ఇప్పుడు నా దగ్గు రాసేటోళ్లు లేకపాయిరి" అన్నడు. నేను చెంగుతోటి కండ్లు తుడుచుకున్న.

గుమాస్తా సారు కుర్చీలకెల్లి లేచి కూసోమన్నడు. చెడ్డ మనిషేం గాదు. టెంట్ యాదికున్నది ఆయనకు. వంటావార్పు యాదికున్నది. తను మాట్లాడిన మాటలు, కొట్టిన చప్పట్లు, అన్ని మురుసుకుంట చెప్పిండు. "నాడు ఫోన్ల నాతోటి మాట్లాడిండ్రు సార్, గీ అన్న మీ పక్కనే ఉన్నడు" అంటి. ఆయన అన్న దిక్కు చూసిండు. చానాసేపు చూసిండు. నిజంగనే యాదికి రావాలని చూసిండు.

"ఎంతోమంది అచ్చేటోళ్లు గదమ్మా టెంట్ కాడికి," అన్నడు. "కంప్యూటర్ల మనిషి ఒకాయన అచ్చినట్టు మతికున్నది. గీయననేనా?"

"మీ పేరు రాయకుండ తన మీద రాసుకున్నది గీయననే సార్. కొలువు మా పూచీ అన్నరు."

ఆయన తల వంచుకున్నడు. "అన్న గావచ్చమ్మా. ఆ రోజులల్ల అందరం అందరికి మాట ఇచ్చినం. ఇప్పుడు మా చేతుల ఏమున్నది? మనుషులను పెట్టుకునుడంత ఏజెన్సీలదే. వయసు సుత దాటింది. దరఖాస్తు పెట్టిపోండ్రి, చూద్దాం."

ఏరు దాటేదాక ఓడ మల్లయ్య, ఏరు దాటినంక బోడ మల్లయ్య అని మా అమ్మ ఊకెనే అనేది గాదు. నేను గా మాట అనటానికి నోరు తెరిచిన. అన్న నా చెయ్యి మీద చెయ్యేసి వద్దన్నడు.

గప్పుడే పక్క గదిల పిల్ల ప్రింటర్ను అరచేతితోటి కొడుతున్నది. కాయిదం ఇరుక్కున్నది, పొద్దుగాల నుంచి నడుస్తలేదు అన్నది. సారు అన్న దిక్కు తిరిగి "నువ్వు గదే పని చేసేటోడివి గదా, జర చూడరాదు" అన్నడు. ఏం చెప్పాలె ఆయన సిగ్గుకు! నాకు రక్తం ఉడికింది. అన్న మాత్రం పిలిస్తే చాలన్నట్టు లేచి పోయిండు. మూత తెరిచిండు. దగ్గు అచ్చింది, ఆగిండు, మల్ల వంగిండు. లోపలికెల్లి చినిగిన ముక్క ఒకటి తీసిండు. మూత పెట్టంగనే మిషన్ గుర్రుమని తిరిగి కాయిదాలు బయటికి ఏసింది. "శభాష్" అన్నడు సారు.

నా సంచిల ఫోన్ మోగింది. రెండు రింగులు, కట్. తీసి చూసిన. అన్న పేరు. ఆయన అవతల గోడ దిక్కు తిరిగి చేతులు తుడుచుకుంటుండు, ఫోన్ జేబుల పెడుతుండు. నేను చూసుడు చూసి సిగ్గుపడ్డడు.

"అలవాటు చెల్లె," అన్నడు. "నీకు చెప్పకుంటే పని అయినట్టే అనిపియ్యది."

సారు చాయ్ తాగి పొమ్మన్నడు. నేను తాగలే. దరఖాస్తు సుత అన్ననే పెట్టిండు, సారు మనసు నొచ్చుకుంటదని. బయటికి అచ్చినంక గేటు కాడ ఆయనను పట్టుకోని ఏడ్చిన. ఏడ్చుకుంటనే తిట్టిన, ఆయనను, సారును, హైద్రాబాదును, నన్ను. "ఊకో బిడ్డా" అన్నడు. అంతకుముందు ఎన్నడు నన్ను బిడ్డా అనలే. నన్ను కోరుట్ల దిక్కు పోయే బస్సు ఎక్కిచ్చిండు. "పైలంగ పో. నాకు షిఫ్టు టైమయితుంది" అని కిటికీ ఇనుప చువ్వ మీద రెండు సార్లు తట్టిండు.

బస్సు ఊరు దాటి కొంతదూరం వోయింది. ఒళ్లె పెట్టుకున్న ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది. ఒక్క రింగు. అన్న సాంచ కాడికి చేరిండు.